చీకటి చెన్నడు షిఫ్టు మారాడు

మొగిలికి ఒకటే జబ్బు. వేషం అడిగిన మనిషికి లేదని చెప్పలేడు. గోదావరిఖనిలో ఆ జబ్బు సంగతి తెలియనివాళ్లు లేరు. అది అతనికి ఎప్పుడు అంటుకుందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

అతను బడిలో ఉన్న రోజుల్లో పిల్లల మాసపత్రిక ఒకదానిలో 'చీకటి చెన్నడు' అనే బొమ్మల కథ వచ్చేది. భూమి మీద చెన్నడు మామూలు మనిషి. భూమి కిందికి దిగి మాస్క్ వేసుకున్నాడంటే వీరుడు. బొగ్గుబాయిలో పనిచేసేవాళ్ల పిల్లలకు అంతకంటే దగ్గరి చుట్టం ఎవరుంటారు? మొగిలి ఆ కథను నాటకంగా రాసుకున్నాడు. తండ్రి పాత గంబూటు కోసి మాస్క్ కుట్టుకున్నాడు. బడి వార్షికోత్సవం నాడు తెర లేచే ముందు ఒక సారు వచ్చి, ఆ మాస్క్ ఊడదీసి ఆఫీసరు గారబ్బాయి పృథ్వీరాజ్ మొహానికి తగిలించాడు.

"వాళ్ల డాడీ ముందట కూసున్నడురా," అంటూ మొగిలి చేతిలో తెర తాడు పెట్టాడు.

పృథ్వీరాజ్ "నేనే చెన్నణ్ణి" అనబోయి "నే..." అన్నాడో లేదో, మొగిలి కళ్లు తుడుచుకోవడానికి రెండు చేతులూ ఎత్తాడు. తెర వెదురు బొంగుతో సహా వచ్చి చెన్నడి నెత్తిన పడింది. నాటకం అక్కడితో సరి.

పెద్దయ్యాక మొగిలి చౌరస్తాలో పెళ్లి వీడియోల దుకాణం పెట్టాడు. వచ్చిన ఏ ఒక్కరి మొహమూ కత్తిరించడానికి చెయ్యి రాదు కనుక, అతను తీసిన పెళ్లిళ్లలో పెళ్లికొడుకు కంటే వంటవాళ్లే ఎక్కువసేపు కనిపించేవారు. అలాంటి మనిషి చీకటి చెన్నణ్ణి సినిమా తీస్తానన్నాడు. బొమ్మలు గీసినాయన పిల్లలకు ఫోన్ చేసి అడిగితే, "టికెట్టు పెట్టనంటే తీసుకోండి" అన్నారు. టికెట్టు లేని సినిమాకు నిర్మాత ఎక్కడ దొరుకుతాడు? అందుకని మొగిలి ఫోన్లో ఒక లింకు పెట్టాడు. దాన్ని అతను క్రౌడ్ ఫండింగ్ అనేవాడు. చౌరస్తా మొత్తం చందా అనేది.

లోకంలో మిగతావాళ్లు అలా డబ్బిచ్చినవాళ్లకు టీషర్టు ఇస్తారు, పోస్టరు ఇస్తారు. మొగిలి ఒక్కటే రాశాడు: 'ఎంతిచ్చినా, ఏమిచ్చినా, ఒక్క షాటుకు చెన్నడి మాస్క్ మీదే.'

ఆ మాట చదివి అందరికంటే ముందు మండిపడ్డవాడు ఉపేందర్. ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు డంపరు నడుపుతాడు. లోడు కోసం ఆగిన ప్రతిచోటా ఏదో ఒక పుస్తకం తీస్తాడు. చదివిన ప్రతి పుస్తకమూ ఈ ఊళ్లో తాను ఉండాల్సినవాడు కాదనే చెప్పేది. ఒకచోట నిలబడితే కాళ్లు గుంజేవి, కూర్చుంటే మనసు గుంజేది. తండ్రి లింగమూర్తి బాయి నుంచి రిటైరైన మనిషి. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. కొడుకును ఏనాడూ మెచ్చుకున్నది లేదు.

"అన్నా, హీరో అంటే ఒక్కడుండాలె," అంటూ ఉపేందర్ దుకాణంలోకి దూసుకొచ్చాడు.

"ఉంటడు తమ్మీ. చెన్నడు ఒక్కడే."

"మరి మాస్క్ అందరికేంది?"

"బాయి మీద ఒకడు డ్యూటీకి రాకుంటే ఏం జేస్తరు? బదిలీ కార్మికుడు దిగుతడు. పని ఆగుతదా? గంతే."

అంతే అయింది కూడా. నటులందరివీ షిఫ్టు డ్యూటీలు. చెన్నడు పొట్టిగా, లావుగా తలుపు తన్ని లోపలికి వెళ్లాడు. రెండో వైపు నుంచి పొడుగ్గా, బక్కగా బయటికి వచ్చాడు. గేటు కాపలా గట్టయ్య దూకడం మొదలుపెడితే, నేల మీద పడింది మోటారు మెకానిక్ రాజం. అడిగినవాళ్లకు మొగిలి జవాబు ఒకటే: "షిఫ్టు మారింది."

షూటింగ్‌కు రోజూ చాయ్ పోసిన హోటల్ సారవ్వ, విలన్‌ను గొంతు పట్టి ఎత్తే షాటు తనకే కావాలంది. ఎత్తింది కూడా.

"అన్నా, చెన్నని చేతికి గాజులున్నయి!" అని ఉపేందర్ నెత్తి కొట్టుకున్నాడు.

"సెకండ్ షిఫ్టు తమ్మీ."

ఒకనాడు కారులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. ఆఫీసరు గారబ్బాయి పృథ్వీరాజ్. ఇప్పుడు తనే ఆఫీసరు. లింకు చూసి డబ్బు పంపాడట. "నాకూ ఒక షాట్ ఉంటుందాండీ?" అని సిగ్గుపడుతూ అడిగాడు. మొగిలి మాస్క్ దులిపి, తానే అతని మొహానికి కట్టి, "డైలాగు గుర్తుందా సార్?" అన్నాడు.

"నేనే చెన్నణ్ణి!" అని పృథ్వీరాజ్ గొంతు చించుకుని అరిచాడు.

కారు వెళ్లాక ఉపేందర్ ఊగిపోయాడు. "వానికి గూడనా? నీ మాస్క్ గుంజుకున్నోనికి?"

"పాపం, 'నే' కాడనే ఆగిపోయిండు తమ్మీ. ఎన్నేండ్లని ఆగుతడు?"

తిడుతూనే తనూ మాస్క్ వేసుకుంటున్న ఉపేందర్‌కు కావలసిన షాటు వేరే ఉంది. ఆఖరిది. చెన్నడు మాస్క్ తీసి తన మొహం లోకానికి చూపించే షాటు. అది పట్టుకుని హైదరాబాదు పోయి వేషాల కోసం తిరగాలని అతని ఆశ. అంతకంటే ముందు ఇంకో ఆశ ఉంది. అది పైకి చెప్పేవాడు కాదు. తాను సినిమాలో ఉన్నానని ఇంట్లో చెప్పిన రోజున లింగమూర్తి, "మాస్క్ ఏస్కున్నంక నువ్వైతేంది, ఇంకోడైతేంది?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ షాటు ఆయన చూడాలి.

"ఆఖరి మొకం నాదే ఉండాలె. లేకుంటే ఇప్పుడే పోత."

మొగిలి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీదే. కాని ఎవ్వలికి చెప్పకు."

ఉపేందర్ ఎవరికీ చెప్పలేదు, సారవ్వ హోటల్లో ఆ పూట చాయ్ తాగుతున్నవాళ్లకు తప్ప. విన్నవాళ్లంతా పెదాలు బిగబట్టి, గ్లాసుల్లోకి చూస్తూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఏదో తేడా ఉందని అతనికి అప్పుడు తట్టలేదు.

సెంటినరీ కాలనీ మైదానంలో రెండు గుంజలు పాతి, తాడు మీద తెల్ల తెర కట్టి, ఆదివారం పొద్దుగూకాక బొమ్మ వేశారు. చెన్నడు లావెక్కినప్పుడల్లా, చిక్కినప్పుడల్లా, మైదానం మొత్తం "షిఫ్టు మారింది!" అని అరిచింది. లింగమూర్తి ప్లాస్టిక్ కుర్చీలో దగ్గుతూ కూర్చున్నాడు. ఉపేందర్‌కు కూర్చోబుద్ధి కాలేదు. ఆయన వెనకే అటూ ఇటూ తిరిగాడు. ఆఖరికి చెన్నడి చెయ్యి మెల్లగా మాస్క్ మీదికి వెళ్లింది. ఉపేందర్ తిరగడం ఆపాడు.

తెర దబ్బున కూలి ముందు వరుస మీద పడింది.

గుంజ పక్కన మొగిలి తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "తాడు జారింది," అన్నాడు.

ఈలలు, తిట్లు, తెర కింద ఇరుక్కున్నవాళ్ల కేకలు. మొగిలి రెండు చేతులూ ఎత్తాడు. "ఫికర్ చెయ్యకుండ్రి! ఇంటికో పెన్‌డ్రైవ్ ఇస్తున్న. ఆఖరి షాటు మీ టీవీల సూసుకోండ్రి!"

ఆ పెన్‌డ్రైవ్ ఉపేందర్ ఆ రాత్రే ఇంట్లో టీవీకి తగిలించాడు. మాస్క్ జరిగింది. తెర నిండా అతనే. చెమట, మసి, రెండు మెరిసే కళ్లు. లింగమూర్తి దగ్గు ఆగింది.

"మల్ల పెట్టు," అన్నాడు.

ఉపేందర్ మళ్లీ పెట్టాడు. అది అయ్యాక ఆయన రిమోట్ కొడుక్కి ఇవ్వకుండా తన దిండు కింద పెట్టుకున్నాడు.

తెల్లారి ఉపేందర్ హోటల్‌కు దొరలా వచ్చాడు. "ఏం అవ్వా, ఆఖరి షాటు సూసినవా?"

"సూసిన గదా బిడ్డా! మాస్క్ తీస్తె ఎవలనుకున్నవ్? నేనే! మా మన్మరాలు నన్ను ఇడుస్తలేదు."

"నువ్వేంది సారక్కా?" అని గట్టయ్య లేచాడు. "గది నేను గద!"

"ఇద్దరికి కండ్లు పోయినయా?" అన్నాడు రాజం. "గా మీసం ఎవనిది?"

తర్వాత ఎవరు ఎవరిని ఏమన్నారో ఎవరికీ వినిపించలేదు. ఉపేందర్ ఒక్క పరుగున మొగిలి దుకాణంలో పడ్డాడు.

"దగా జేసినవన్నా! ఊరందరి మొకాలు పెట్టినవ్!"

"ఊరందరియి ఒక్క దాంట్ల పెట్టలె," అన్నాడు మొగిలి. "ఎవలింట్ల వాళ్లయి పెట్టిన. మీ ఇంట్ల నిన్ను గాక గట్టయ్యను సూస్తరా?"

ఉపేందర్ కుర్చీ ఎత్తాడు. ఎవరి మీద వెయ్యాలో తేల్చుకునేలోపు మొగిలి కంప్యూటర్ తెర అతని వైపు తిప్పాడు. అందులో చెన్నడు నిలబడి ఉన్నాడు, కొద్దిగా వంగి, దగ్గుతూ. మాస్క్ తీశాడు. లింగమూర్తి. ఉపేందర్ ఏనాడూ చూడని సిగ్గుతో నవ్వుతున్నాడు. ఆ బొమ్మలోనే, కెమెరా వెనక నుంచి మొగిలి గొంతు వినిపించింది.

"కాకా, మీ ఇంటి కాపీల నీదే పెట్టాల్నా?"

"వద్దు. పోరనిదే పెట్టు. గీ సంగతి వానికి చెప్పినవనుకో, కాళ్లిరుగుతయి."

ఎత్తిన కుర్చీని ఉపేందర్ మెల్లగా దించాడు. దించి, దాంట్లోనే కూర్చున్నాడు.

"మల్ల పెట్టన్నా," అన్నాడు.

హైదరాబాదు బయలుదేరిన రోజు బస్టాండుకు మొగిలి వచ్చాడు. అతను ఎక్కిస్తున్నది ఉపేందర్‌నే అయినా, కిటికీ పక్కన కూర్చున్న ముసలాయనకు అప్పటికే రెండో భాగంలో వేషం ఖాయం చేశాడు. మొగిలీ ఉపేందరూ ఆఖరుసారి మాట్లాడుకున్నది అప్పుడే. బస్సు కదులుతుండగా ఉపేందర్ తల బయటపెట్టి, ఇన్నాళ్లూ అడగని మాట అడిగాడు.

"అన్నా, నువ్వొక్కసారి గూడ మాస్క్ ఏసుకోలె. మరి మీ ఇంటి కాపీల ఆఖరి మొకం ఎవలిది?"

మొగిలి బస్సు పక్కన నడుస్తూ, ఆనాటి తాడు ఇంకా చేతిలోనే ఉన్నట్టు పిడికిలి పైకెత్తి ఒక్కసారిగా విప్పాడు.

"మా కాపీల మొకం రాదు తమ్మీ. మాస్క్ మీద చెయ్యి పడంగనే తెర దించిన. ఈపారి మంచిగ టైముకే దించిన!"