సూది ఆగకముందే

పాత ఇనుములో పడేద్దామని తీసిన తాత కాటాకు ఇంకా బెల్లం వాసన వస్తోంది. తుప్పుతో, చచ్చిన చీమలతో కలిసిన పాచి వాసన అది.

ఛత్రినాకలో మా కిరాణా దుకాణం ముందు ఆ స్ప్రింగు కాటా దూలానికి వేలాడేది. బోనాలొస్తే చాలు, పసుపు, వేపాకు, వానకు తడిసిన గోనెసంచుల వాసనలు కలగలిసిపోయి, గల్లీలో డప్పులు మోగితే మా డబ్బాల మూతలు కూడా గలగలమనేవి. నేను ఉప్పు బస్తా మీద కూర్చుని తూకం పిలిచేదాన్ని. తాత బెల్లం గడ్డను పళ్లెంలో మెల్లగా పెట్టడు, ధన్‌మని వదులుతాడు. పళ్లెం జర్రున దిగుతుంది, పైకెగురుతుంది, మళ్లీ దిగుతుంది. మొదటిసారి అడుగుకు చేరి సూది క్షణం నిలిచినట్టు కనబడుతుందే, సరిగ్గా అప్పుడు నేను అరవాలి.

"సూది ఆగేదాంక సూస్తె దుకాణం నడుస్తదా బిడ్డా? కిందికి రాంగనే చెప్పు," అనేవాడు తాత. నేను "కిలో!" అనగానే గడ్డ కాగితంలోకి పోయేది. చిన్నపిల్ల పిలిచిన తూకాన్ని అనుమానించేదెవరు? నా గొంతు గల్లీ చివరిదాకా ఖంగుమంటుందని నేనూ మురిసిపోయేదాన్ని, సిగ్గులేకుండా.

ఒక ఏడాది, పూలమ్మే యాదమ్మత్త బోనానికి మొదటిసారి మా దుకాణంలో బెల్లం కొనడానికి వచ్చింది. నేను కిలో అని అరిచాను. ఆమె పూలగంప సర్దుకుంటూ అటు తిరిగింది, తాతకు తుమ్ముల మీద తుమ్ములొచ్చి గడ్డ తీయడం ఆలస్యమైంది. ఊగి ఊగి సూది ముప్పావు దగ్గర ఆగింది. చూశాను. నోరు మూసుకున్నాను.

ఆదివారం అమ్మవారికి బోనమెత్తి వచ్చి, వానకు తడిసిన చీరతోనే, ఇస్తరాకులో బెల్లమన్నం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సప్పగైంది బిడ్డా. ఎప్పటి లెక్కనే కిలో బెల్లం ఏసిన. నా చెయ్యే మంచిది కాదేమో, అమ్మకు కోపమొచ్చిందో ఏమో," అన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె ముందే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆమె వెళ్లగానే మోరీలో ఉమ్మేశాను. నిజం మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ఉప్పుగూడలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. స్ప్రింగుకు ఊగే బరువు అడుగుకు చేరినప్పుడు వేగం సున్నా, త్వరణం మాత్రం అన్నిటికంటే ఎక్కువ, స్ప్రింగు దాన్ని గట్టిగా పైకి లాగుతుంటుంది, అక్కడ కనబడే అంకె అసలు బరువు కాదు, అంతకన్నా ఎక్కువ అని బోర్డు మీద రాసిన ప్రతిసారీ నాలుక మీదికి ఆ చప్పటి అన్నం వచ్చి కూర్చుంటుంది.

దుకాణం పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. యాదమ్మత్తా లేదు, తాతా లేడు. తాతను అసహ్యించుకోవడం తేలికే, చాలా ఏళ్లు ఆ పనే చేశాను. కానీ ఎంత గుర్తు తెచ్చుకున్నా, ఆయన ఒక్క గిరాకీ ముందైనా తన నోటితో "కిలో" అన్నట్టు గుర్తులేదు. ప్రతిసారీ అన్నది నేనే.