ఆవిరికి నీళ్లు

ఉరవకొండ హాస్టల్లో నా పక్క మంచం పిల్ల జడ కొస కొరుకుతూ కథ చెప్పేది. ఎప్పుడూ ఒకటే కథ: ఆవిరి యంత్రాలతో నడిచే బడిలో గూఢచర్యం నేర్చుకునే ఆడపిల్లలు. వార్డెన్ కూడా తలుపు దగ్గర నిలబడి వినేది. నేనేమో కథలు రాసేదాన్ని. నా నోట్‌బుక్ చూపించమని ఒక్కరూ అడగలేదు.

ఒకరోజు ఓర్వలేక అందరి ముందూ అడిగేశాను. "ట్యాంకరొస్తే గానీ మనకు తాగేకే నీళ్లు లేవు. ఆవిరికి నీళ్లు యాడివి మే?"

ఆమె జడ వదిలి నవ్వింది. "నీళ్లు యాడుండాయో కనిపెట్టేకే గదమ్మే, వాళ్లకు ఆ సదువు!"

గదంతా చప్పట్లు.

మొన్న ఆ ఆవిరి బడి మీదే నా నవల అచ్చయింది. చదివినవాళ్లంతా మెచ్చుకునేది ఆ రోజు ఆమె అన్న ఆ ఒక్క మాటనే. పుస్తకంలో ఆమె పేరు వేయలేదు. ఇక్కడా చెప్పను.