తొట్టిలో యాసిడ్, తూచిన సున్నం

నా చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చున్నట్టు నాకే గుర్తులేదు. ఎండాకాలం సెలవులకు గిద్దలూరులో మా మామ ఇంటికి పోయినా అంతే. ఆయనకు రోడ్డు పక్కన లారీ బ్యాటరీల దుకాణం ఉండేది. మా అత్త బడిలో సైన్సు పాఠాలు చెప్పేది.

ఒక మధ్యాహ్నం మామ మార్కాపురం పోయినాడు. దుకాణం వెనక అరుగు మీదున్న యాసిడ్ క్యాన్ ఒరిగి, కింద నీళ్ళ తొట్టిలోకి సగం దాకా ఒలికిపోయింది. రోజూ రాచర్ల వైపు పోయే గొర్రెలు తాగేది ఆ తొట్టిలోనే. తూము తీద్దామంటే నీళ్ళన్నీ పక్కింటి అవ్వ గోంగూర మడిలోకి పోతాయి. ఏం చేయాలో తోచకముందే మంద వచ్చేసింది. గొర్రెలు దప్పికతో తోసుకొస్తుంటే గొర్రెల తాత కర్ర అడ్డం పెట్టి ఆపలేక ఆపుతున్నాడు.

యాసిడ్‌కు సున్నం విరుగుడని అత్త నోటే విన్నాను. వెల్ల వేయడానికి ఉంచిన పొడి సున్నం బకెట్ ఎత్తుకొని పరుగెత్తినాను. అత్త నా రెక్క పట్టుకుంది.

"ఎంత వేస్తావు?"

"అంతా!"

"ఎక్కువైతే సున్నం కూడా మొక్కల్ని మాడుస్తుంది పాపా. ముందు లెక్క చూద్దాం."

"లెక్కేంది అత్తా, గొర్రెలు ఆగడంలే!"

ఆమె తొందరపడలేదు. పాత సీసం తూచే కాటా మీద అలాంటిదే ఇంకో నిండు క్యాన్, ఒలికిన క్యాన్ రెండూ తూచింది. తేడా పన్నెండు కిలోలు. అందులో మూడో వంతే అసలు యాసిడ్, మిగతాది నీళ్ళంది. అంటే నాలుగు కిలోలు. నాలుగు పాళ్ళ యాసిడ్‌ను విరవడానికి మూడు పాళ్ళ సున్నం చాలునట. మూడు కిలోలు తూచి, మూతికి గుడ్డ కట్టుకొని, కొంచెం కొంచెంగా చల్లుతూ పొడుగు కర్రతో కలిపింది. బడి పెట్టెలోంచి నీలం లిట్మస్ కాగితం తీసి ముంచితే ఎర్రబడింది. యాసిడ్ ఇంకా ఉంది.

"ఇంకా వెయ్ అత్తా!" అని గోల పెట్టినాను.

"ఏంది తల్లీ, ఇంకెంతసేపు?" అని తాత కేక వేసినాడు.

"పడాల్సింది పడింది తాతా, కరగనీ," అంది అత్త. "నీ చేతులు ఊరకుండవు గానీ, పోయి బోరింగు కొట్టు," అని నన్ను తరిమింది.

బోరింగు కొట్టి బకెట్లతో గొర్రెలకు నీళ్ళు పెట్టినాను. మధ్యమధ్యలో పరుగెత్తుకొచ్చి కాగితం చూసేదాన్ని. ఎరుపు. మళ్ళీ ఎరుపు. బకెట్‌లో మిగిలిన సున్నం కనబడినప్పుడల్లా నా చేయి అటే పోయేది. పొద్దు వాలేటప్పుడు ముంచిన నీలం కాగితం నీలంగానే వచ్చింది. ఎర్ర కాగితం ముంచితే అదీ మారలేదు, అంటే సున్నమూ ఎక్కువ కాలేదు. అత్త అప్పుడు తూము తీసింది.

మర్నాడు తెల్లారగానే లేచి అవ్వ మడి దగ్గరికి పోయినాను. గోంగూర పచ్చగానే ఉంది.

ఇప్పుడు మనవడికి జ్వరమొస్తే, ఒక మాత్ర వేసిన కాసేపటికే ఇంకోదాని కోసం నా చేయి లేస్తుంది. అప్పుడు ఆగి నన్ను నేనే అడుగుతాను. ఈ రెండోది పిల్లవాడి జ్వరానికా, నా ఆత్రానికా?