ముందు గుమ్మం నుంచి రమ్మన్న క్వార్టరు

ఏడాదికోసారి సొంతూరికి వెళ్ళిరావడానికి మస్కట్‌లోని మా కంపెనీ విమానం టిక్కెట్టు ఇస్తుంది. ఈసారి కొత్త మెలిక పెట్టారు: సొంతూరికి ఒక్క విమానాశ్రయమే రాసివ్వాలి, రాసిచ్చాక మార్చరు. రాయ్‌పూర్ అన్నాను. "ఆంధ్రావాళ్ళు కదా, వైజాగ్ కాదా?" అన్నాడు ఆఫీసులో ఒకాయన. ఒళ్ళు మండింది. పుట్టింది, పెరిగింది రాయ్‌పూర్ పక్కనున్న భిలాయిలో. నాన్న అక్కడి స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక అమ్మతో వెళ్ళి స్థిరపడిన విజయనగరంలో నన్ను భిలాయి పిల్ల అంటారు. భిలాయిలోనేమో ఎప్పుడూ ఆంధ్రావాళ్ళమే. నా ఇల్లెక్కడో చూసుకునే రాసిస్తానని బయల్దేరాను.

రాయ్‌పూర్ విమానాశ్రయం నుంచి ట్యాక్సీకి వేలు పొయ్యక్కర్లేదు. ఆటోలో స్టేషన్‌కి వెళ్ళి దుర్గ్ వైపు లోకల్ ఎక్కితే టిక్కెట్టు ఇరవై రూపాయల్లోపే. భిలాయి-3 దాటాక పవర్‌హౌస్ స్టేషన్లో దిగాలి, గంటలోపు ప్రయాణం. అక్కణ్ణుంచి ప్లాంటు క్వార్టర్లున్న మా సెక్టారుకి ఆటోవాడు నూట ఇరవై అడిగాడు. "ఘూమ్‌నే ఆయీ హో దీదీ?" అన్నాడు దారిలో, ఊరు చూడ్డానికొచ్చావా అని. "ఘర్ జా రహీ హూఁ," ఇంటికెళ్తున్నాను అన్నాను, కాస్త గట్టిగానే.

మా క్వార్టర్లలో ముందు గుమ్మం చుట్టాలకి. ఇంట్లోవాళ్ళం, ఇరుగుపొరుగు అందరం వెనక గల్లీలోంచే వచ్చేవాళ్ళం, తలుపు కొట్టడమన్నది లేదు. కాళ్ళు అలవాటుగా అటే తీసుకెళ్ళాయి. గొళ్ళెం తీసి పెరట్లో అడుగుపెట్టాను. నాన్న గోడకి కొట్టిన కొక్కేనికే తాడు కట్టి ఒకావిడ బట్టలు ఆరేస్తోంది.

"ఎవులండీ? ఏటలాగ వచ్చెస్తన్నారు? ముందర గుమ్మం నేదేటి?"

ఇది మా క్వార్టరేనని చెప్పాను. ఆవిడ మెత్తబడింది. "అయితే ముందర్నుంచి రండమ్మా, తలుపు తీస్తాను."

గల్లీ అంతా చుట్టి వెళ్ళాను. కుర్చీ మీద బట్టలు తీసి కూర్చోబెట్టింది, పళ్ళెంలో బిస్కెట్లు, టీ పెట్టింది. ఆ మర్యాద చూస్తుంటే కోపం ఇంకా పెరిగింది.

"మీదే ఊరమ్మా?"

"ఇదే."

ఆవిడ నవ్వింది. "ఇది ఎవులికి ఊరండీ? మాది శ్రీకాకుళం, మా ఆయన ప్లాంటులో ఉన్నన్నాళ్ళే ఇక్కడ. రిటైరైతే తాళాలిచ్చీడమే కదా. మీ అసలూరు చెప్పండి."

టీ సగంలో వదిలేసి లేచాను. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు, అదే నా కడుపుమంట. మస్కట్‌లో నేనుంటున్న ఫ్లాటూ కంపెనీదే. ఉద్యోగం పోతే దానికీ తాళాలిచ్చేయడమే. పుట్టిన దగ్గర్నుంచీ ఇతరుల గోడలకే కొక్కేలు కొట్టుకుంటూ బతికాం, అయినా అడిగినవాళ్ళందరికీ అసలూరు ఒకటి చూపించాలి. ఎందుకు చూపించాలి? చిన్నప్పుడు అమ్మ వెనక గుమ్మంలో నిలబడి నన్ను కేకేసింది ఇక్కడే. తిరుగు రైల్లో ఆఫీసుకి రాసి పంపేశాను, రాయ్‌పూర్ అని. అక్కడ నాకోసం ఎవరూ లేకపోయినా సరే.

మీలో ఎవరైనా పాత క్వార్టరు చూడాలని వెళ్తుంటే ఒక్క మాట. మధ్యాహ్నాలు వెళ్ళకండి, నైట్ షిఫ్టు చేసినవాళ్ళు పడుకుని ఉంటారు. సాయంత్రం వెళ్ళండి, ముందు తలుపే తట్టండి. తిరిగొచ్చేటప్పుడు వెనక గల్లీ వైపు చూడకుండా రండి, అది మాత్రం నా వల్ల కాలేదు.