సర్వరు గడియారం వెనక్కి నడిచిన రోజు

పని తెలియకపోయినా, తెలిసినట్టు ముఖం పెట్టడం మాత్రం నాకు బాగా తెలిసిన రోజులవి. పొదటూరుపేట నుంచి రోజూ తిరువళ్ళూరుకు బస్సులో పోయి, మోటారు విడిభాగాల కంపెనీ ఒకదాంట్లో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అక్కడి సర్వరు నాకంటే చాలా సీనియరు. (కొత్తది కొందామంటే, "పాతది నడస్తా ఉండాది గదా" అనేవాడు మా మొదలాళి, అంటే యజమాని.) పొద్దున ఎవరు ఏ నిమిషానికి లాగిన్ అయితే, ఆ టైమునే సర్వరు హాజరుగా రాసుకునేది.

ఒక సోమవారం ఒక్కరికీ లాగిన్ కాలేదు. అందరినీ క్యాప్స్‌లాక్ చూసుకోమన్నాను. అందరి పాస్‌వర్డులూ మార్చినాను. కేబుళ్ళు పీకి, ఊది, మళ్ళీ గుచ్చినాను (ఊదమని ఏ పుస్తకంలోనూ లేదు, చూసేవాళ్ళకు నమ్మకం కలుగుతుందని ఊదినాను). సర్వరును రెండుసార్లు ఆపి లేపినాను. బిల్లులు లేక బయట లారీలు నిలిచిపోయినాయి. మొదలాళి వచ్చి, "మధ్యాన్నం లోపల కాకుంటే చెన్నై నుంచి వేరే మనిషిని పిలిపిస్తా. నువ్వు ఊరికి పోవచ్చు" అన్నాడు. పక్కనున్న మేనేజరు సారు తల ఊపుతూ, "ఈ కాలం పిల్లోళ్ళకు బేసిక్సే తెలీదు సార్" అన్నాడు.

తిరుత్తణి నుంచి వచ్చే బిల్లింగు అక్క నా వెనకే నిలబడి చూస్తా ఉండింది. "తమ్ముడూ, సర్వర్లో తొమ్మిదిన్నరే అని ఉండాదేంది? నా వాచీలో పది అయిందే" అనింది.

నేను అప్పుడు సర్వరు గడియారం చూసినాను. సర్వరు టైముకూ కంప్యూటర్ల టైముకూ అయిదు నిమిషాలకు మించి తేడా వస్తే, ఆ సర్వరు ఎవరినీ నమ్మదు. ఆ సంగతి పొద్దున్నుంచీ తన డైరీ లాంటి లాగ్‌లో రాస్తానే ఉంది, నేను చదివితే గదా. ఎవరో గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పినారు. తిప్పడానికి కావలసిన పాస్‌వర్డు ఇద్దరికే తెలుసు. ఒకడు నేను. రెండో ఆయన మేనేజరు సారు, ఆవడి నుంచి రోజూ అరగంట ఆలస్యంగా వచ్చి, అందుకు మొదలాళి చేత రెండు మెమోలు తిన్న పెద్దమనిషి. ఆయన అడిగితే, పెద్దాయన గదా అని నేనే చీటీ మీద రాసిచ్చినాను.

టైము సరిచేయగానే అందరికీ లాగిన్ అయింది. "ఏమయింది?" అన్నాడు మొదలాళి. నేను సారును చూసినాను. సారు ఫ్యానును చూసినాడు. నిజం చెప్తే ఇద్దరి పనీ పోతుంది.

"లోపల బ్యాటరీ వీకయింది సార్. గడియారం వెనకబడింది."

"నేనప్పుడే అనుకున్నా సార్" అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం మేమిద్దరం మహా గంభీరంగా ఒక మంచి బ్యాటరీని తీసేసి, ఇంకో మంచి బ్యాటరీ పెట్టినాము.

నెల తిరక్కుండా నాకు పర్మనెంటు లెటరొచ్చింది. నా సాంకేతిక నైపుణ్యాన్ని ఇంగ్లీషులో నాలుగు లైన్లు పొగిడి సిఫారసు చేసింది మేనేజరు సారే. బస్సులో దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని, పక్కన కూర్చున్న తెలియనాయనకు కూడా చూపించినాను. ఇప్పుడు బస్సులోని ఆ పిల్లోడు, అంటే అప్పటి నేను, ఎదురుపడినా ఆ పొగడ్త వెనక అసలు సంగతి చెప్పబుద్ధి కాదు. పాపం, ఊరొచ్చే దాకా చదువుకోనీ అనిపిస్తుంది.