గుణుపురం సంబంధం

మునిగుడ స్టేషను రోడ్డులో చింతపండు టోకు వ్యాపారం చేసే మల్లేశ్వరరావుకు విజయదుర్గ ఒక్కతే కూతురు. రాయగడ కాలేజీలో ఫిజిక్సు చదివింది. అదే వీధిలో ఉండే పద్మప్రియ ఆమె బెంచీలోనే కూర్చునేది. తొంభై ఎనిమిదిలో ఇద్దరూ కలిసి అణువిద్యుత్ కేంద్రం ఉద్యోగాలకు పరీక్ష రాశారు. పద్మప్రియకు వచ్చింది. విజయదుర్గకు రాలేదు.

ఆ కేంద్రం తమిళనాడులో సముద్రం ఒడ్డున ఉంది. లోపల పనిచేసేవాళ్ళ ఒంటికి రేడియేషన్ ఎంత తగిలిందో కొలవడం అక్కడ పద్మప్రియ పని. ఆ లెక్క హద్దుకు దగ్గరపడితే ఎంత పెద్ద ఇంజనీరునైనా గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. సెలవులకు వచ్చి ఆమె ఈ సంగతులు చెబుతుంటే వీధంతా నోరు తెరుచుకుని వినేది. విజయదుర్గకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. తండ్రి కొట్లో బస్తాల మధ్య కూర్చుని, ఆ గుమ్మం దగ్గర తనే నిలబడి ఇంజనీర్లను ఆపుతున్నట్టు ఊహించుకునేది.

ఒకనాడు గుణుపురం నుంచి దూరపు చుట్టం గున్నమ్మ వచ్చింది. కొడుకు అప్పలరాజుకు పద్మప్రియను అడుగుదామని ఆమె ఆలోచన.

"నువ్వా పిల్లతో సదివేవు కదమ్మీ, ఎలాటిదో సెప్పు."

"పిల్ల బంగారం పిన్నీ," అని విజయదుర్గ కాఫీ గ్లాసు అందించింది. "కాకపోతే, ఆ పన్లో ఉన్నోళ్ళకి పిల్లలు పుట్టరంటారు."

గున్నమ్మ కాఫీ సగంలోనే వదిలేసి లేచింది. సంబంధం తప్పిపోయింది.

తర్వాతి సెలవులకు పద్మప్రియ నేరుగా కొట్టుకే వచ్చింది.

"నువ్వే సెప్పేవటే?"

"అవును."

"ఇద్దరం ఒకే పుస్తకం సదివేం. అది అబద్ధమని నీకు తెల్దేటి?"

"తెలుసు."

"మరెందుకన్నావు?"

విజయదుర్గ తక్కెడ పళ్ళెం తుడిచి పక్కన పెట్టింది. "నాకు రానిది నీకొచ్చింది," అంది.

"అడిగుంటే మళ్ళీ పరీక్షకి నేనే సదివించేదాన్ని కదే!" అని పద్మప్రియ వెళ్ళిపోయింది.

మర్నాడు విజయదుర్గ బస్సెక్కి గుణుపురం వెళ్ళి, తను చెప్పింది అబద్ధమని గున్నమ్మతో ఒప్పుకుంది.

"ఇప్పుడు సెప్తే ఏటి లాభం? మావోడికి వేరే పిల్లతో నిశ్చయమైపోనాది," అంది గున్నమ్మ. లోపలికి రమ్మని కూడా అనలేదు.

కొన్నాళ్ళకు పద్మప్రియ తన కేంద్రంలోనే కంట్రోలు రూములో పనిచేసే ఆపరేటరును చేసుకుంది. శుభలేఖ వీధిలో అందరికీ అందింది, మల్లేశ్వరరావు ఇంటికి తప్ప. పద్మప్రియకు కూతురు పుట్టిందని విన్నప్పుడు విజయదుర్గకు గుండెల మీద బరువు దిగినట్టయింది. కానీ ఎదురింటి కుంతి ఆ పాపను చూసొచ్చి, వాళ్ళ క్వార్టర్సు కిటికీలోంచి సముద్రం ఎంత బాగా కనిపిస్తుందో చెప్పబోతే, "ఇంక సాల్లే," అని విసురుగా లేచి లోపలికి వెళ్ళిపోయింది.