అంపైరు సంచితో కసరత్తు

గురువారం పొద్దున అయిదూ పదికి ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టాను. అయిదూ ఇరవైకి మా ఆయన ఉద్యోగం వంటింటి గచ్చు మీద పడి చెల్లాచెదురైంది. మధ్యలో పది నిమిషాలు నేను చేసిందంతా ఆరోగ్యం కోసమే చేశాను.

ముందు సంచుల సంగతి చెప్పాలి. మా ఆయన ప్రభుదాస్ బళ్లారి బయట ఒక ఇనుప ఖనిజం యార్డులో శాంపుళ్లు తీస్తాడు. గుట్టలోంచి ఖనిజం తీసి, పొడి చేసి, మూడు గుడ్డసంచుల్లో పోసి, మూతికి లక్క సీలు వేస్తారు. ఒకటి అమ్మేవాళ్లకి, ఒకటి కొనేవాళ్లకి. మూడోది ఎవరిదీ కాదు. నాణ్యత మీద పేచీ వస్తే ఇద్దరి ఎదుటా దాన్ని తెరిచి తేలుస్తారు. అందుకే దాని పేరు అంపైరు సంచి. సీలు చెదిరినా, సంచి చిరిగినా అంపైరు చెల్లడు. దాన్ని దాచిన మనిషీ చెల్లడు.

గనులు జోరు మీదున్న రోజులవి. యార్డులో రోజూ కొత్త గుట్ట లేచేది, తాళం వేసుకునే గది మాత్రం లేదు. ప్రభుదాస్ రెండు అంపైరు సంచుల్ని బ్రూస్‌పేటలో మా ఇంటికి తెచ్చి మెట్ల కింద పెట్టాడు.

"ఎవురూ ముట్టద్దండి. ఆ పక్కకు గూడ పోవద్దు" అని అందరికీ చెప్పాడు.

పిల్లలిద్దరూ ఆ మాట విన్నారు.

నేను ఒక తెలుగు పత్రికలో సబ్‌ఎడిటర్‌ని. పగలంతా పిల్లలు, సాయంత్రం వాళ్లని ఇంట్లో మా అత్తకి అప్పజెప్పి డెస్కు. ఆ వేసవిలో నాలుగేళ్ల చిన్నదాన్ని ఎత్తుకొని చర్చి మెట్లెక్కుతూ నడుం పట్టేసి, మూడో మెట్టు మీదే కూర్చుండిపోయాను. ఆరాధన అయిపోయి జనం బయటికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఫిజియోథెరపీ డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "ఇవి అయిదు రోజులకే. తర్వాత బరువులెత్తు" అంది. "నీ వయసు తల్లులకు వీపును నిలబెట్టేది కండే గానీ మందు కాదు. ఎముకలూ గట్టిపడతాయి. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. ఆ మాత్రం నీకు దొరకదా?"

"జిమ్ముకు పోవాలా?"

"ఎందుకు? ఇంట్లో సరిసమానంగా ఉండే బరువులు రెండు చూసుకో."

మా ఇంట్లో సరిసమానంగా ఉండే బరువులు రెండే. మెట్ల కింద ఉన్నాయి. ఒక్కోటి మూడు కిలోలని ట్యాగు మీద రాసే ఉంది. సీలుకి తగలకుండా మెడ కింద పట్టుకుంటే గుప్పిటకి సరిగ్గా సరిపోయేది. జూన్‌లో మొదలుపెట్టాను. ఆయన నిద్ర లేచేలోగా ముగించి, ట్యాగు ఎటు తిరిగి ఉందో అటే తిప్పి పెట్టేదాన్ని.

ఫలితం మాత్రం కనబడలేదు. మొదటి రోజు పన్నెండోసారికి చేతులు వణికాయి. మూడు నెలల తర్వాతా పన్నెండోసారికే వణికాయి. సంచులు కాస్త బొద్దుగా అవుతున్నట్టు అనిపించింది గానీ, వానాకాలం కదా, ఖనిజం చెమ్మ పీలుస్తోందనుకున్నాను. నడుం నొప్పి పోయిన మాట నిజమే. అది మాత్రల గుణం అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మహిళా పేజీకి 'తీరిక లేని తల్లులకు బరువుల కసరత్తు' అనే వ్యాసం నా మీద పడింది. లాభాలన్నీ డాక్టరమ్మ చెప్పినట్టే రాశాను. చివర నా వంతుగా ఒక నిజం చేర్చాను: 'ఈ వ్యాసకర్త మూడు నెలలుగా మూడు కిలోలే ఎత్తుతోంది. చెప్పుకోదగ్గ మార్పు లేదు.' ఆదివారం అచ్చు కావాలి.

బుధవారం రాత్రి అన్నం తింటూ ప్రభుదాస్ అన్నాడు: "రేపు పదికి గౌడ వస్తాండాడు. కొనేటోళ్ల ఏజెంటు. అంపైరును తెరుస్తాం. సీలు చూసేదాంక ఆ మనిషి చాయ్ గూడ ముట్టడు."

"తేడా వస్తే?"

"శాంపుల్‌లో తేడా వస్తే నన్ను ఇంటికి పంపుతానని ఓనరు చెప్పినాడు."

"సంచి?"

"రెడీగా ఉండాది."

ఆ ఒక్కరోజు మానేసి ఉంటే బాగుండేది. కానీ గురువారం నా కసరత్తు రోజు. ఆయన నాలుగున్నరకే బండి తీసుకుని యార్డుకి వెళ్లిపోయాడు. తొమ్మిదికి వచ్చి సంచి పట్టుకెళ్తాడని లెక్కవేసుకున్నాను.

పదకొండోసారి చెయ్యి పైకి లేచింది. అడుగు కుట్టు తెగింది. ఖనిజమంతా ఒక్క ఊపున కిందికి దిగింది. సగం గచ్చు మీద, కొంత చట్నీకి తురిమిన కొబ్బరి పళ్లెంలో, మిగిలింది సిలిండరు కింద. నా చేతిలో మూతీ, లక్క సీలూ భద్రంగా ఉన్నాయి. అడుగు లేదు.

ఆ నెలంతా మా పేజీల్లో గనుల వార్తలే. 'తారుమారు' అన్న ప్రతిచోటా పక్కన 'ఆరోపణ' చేర్చండని జూనియర్లకి చెప్పేదాన్ని. ఇక్కడ ఆ మాట అక్కర్లేదు. నేనే ప్రత్యక్ష సాక్షిని.

నిన్ననే వచ్చిన నిండు సిలిండరును పక్కకి ఎత్తిపెట్టి అడుగున ఊడ్చాను. కొబ్బరిలో పడ్డదాన్ని టీ వడపోసే జల్లెడలో వేసి దులిపాను. గరిటెతో సంచిలోకి ఎత్తిపోశాను. చేటలో రెండు ఆవగింజలు కనబడితే తీసేశాను. కనబడనివి ఎన్నో తెలియదు. తెగిన కుట్టు నీలం దారంతో ఉంది. నా కుట్టుపెట్టెలోనూ సరిగ్గా అదే నీలం, అదే మందం దారం ఉండటం నా అదృష్టం అనుకున్నాను. కుట్టడం అయ్యేసరికి ఆరున్నర. పిల్లలకి బ్రెడ్డూ జామూ కట్టి స్కూలుకి పంపాను.

తొమ్మిదైంది. ఆయన రాలేదు. ఫోను చేస్తే, చందాదారరు వ్యాప్తి ప్రదేశద హొరగిద్దారె, అంటే మనిషి అందుబాటులో లేడని, కన్నడంలో ఒకావిడ మర్యాదగా చెప్పింది. తొమ్మిదీ అయిదుకీ అదే చెప్పింది. మనిషి సంచి మరిచిపోయి వెళ్లాడన్నమాట. రెండిట్లో గౌడకి చూపాల్సింది చిరిగిందేనని నాకు నేనే తేల్చుకున్నాను. పదింటికి గౌడ ఎదుట ఉత్త చేతులతో నిలబడతాడు. సంచి తీసుకెళ్తే కుట్టు బయటపడుతుంది, తీసుకెళ్లకపోతే ఉద్యోగం పోతుంది. ఆయన్ని పక్కకి పిలిచి చెప్పేద్దామనుకుని ఆటో ఎక్కాను.

ఊరు దాటగానే ఆటో ఆగింది. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో ఎర్ర దుమ్ము.

"ఎంతసేపప్పా?"

"ముందర పూరా జామ్ ఉండాదమ్మా. పది లారీలు కదిల్తే మనం ఒక గజం. యాడికి పోవల్ల మీరు?"

యార్డు పేరు చెప్పాను.

"దిగి నడిస్తేనే జల్దీ. ఆ సంచిలో ఏందమ్మా?"

"అంపైరు" అన్నాను. అతను డబ్బులు లెక్కపెట్టి తీసుకున్నాడు.

టైము తొమ్మిదీ ముప్పై అయిదు. ఇంకా కిలోమీటరున్నర ఉంది. సంచిని పసిబిడ్డలా ఎత్తుకుని లారీల పక్కనుంచి సగం నడక, సగం పరుగుగా వెళ్లాను. తొమ్మిదీ యాభై ఎనిమిదికి యార్డు షెడ్డులో అడుగుపెట్టాను. తల నుంచి కాళ్ల దాకా ఎర్రగా ఉన్నాను.

బల్లకి అటు గౌడ, ఇటు ప్రభుదాస్. మా ఆయన గభాలున లేచాడు.

"ఏంది విమలా, పిల్లోళ్లకు ఏమన్నా అయిందా?"

"పిల్లోళ్లు బాగుండారు. అంపైరే బాగలేదు." పక్కకి పిలవాలన్న సంగతి అప్పటికి గుర్తు లేదు. "మీరు మరిచిపోయి వచ్చినారు. నేను చింపినా. పడిందంతా ఎత్తి పోసి, అడుగు కుట్టినా. కొబ్బరి మాత్రం అంతా పోలేదు."

అప్పుడు బల్ల చూశాను. దాని మీద ఇంకో సంచి ఉంది. లక్క సీలు, ట్యాగు, పక్కన రిజిస్టరు. సంతకానికి గౌడ తీసిన పెన్ను ఉంది. గౌడ నా వంక చూస్తూ ఆ పెన్నుకి మూత పెట్టాడు.

"ఏనప్పా ప్రభుదాస్, నీకు ఎన్ని అంపైర్లుండారు?"

"ఒకటే సార్. ఇదే."

"మరి ఆ అమ్మ తెచ్చింది?"

"అది... ఇంట్లోది సార్."

"శాంపుల్ ఇంటికి పోయిందా, లేదా? మొదలు అది చెప్పు."

"ఇది పోలేదు సార్. రెండు నెలల నుంచి అంపైర్లన్నీ ఓనరు బీరువాలోనే ఉండాయి. రిజిస్టర్‌లో ఉండాది, చూడండి."

గౌడ చూశాడు. ఒక్కో పేజీ, ఒక్కో వరుస, వేలు పెట్టి చూశాడు. సీలును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అచ్చుతో సరిపోల్చాడు. ప్రభుదాస్ చొక్కా వీపున చెమట మచ్చ పెద్దదవుతోంది. నిజం చెప్పి మొగుణ్ణి కాపాడదామని ఒకటిన్నర కిలోమీటరు పరిగెత్తి వచ్చి, నిక్షేపంలా ఉన్న ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టానని ఆ పదిహేను నిమిషాల్లో అర్థమైంది.

చివరికి గౌడ నా సంచి ట్యాగు తిప్పాడు. "ఇది పోయిన ఏడాదిది. పేచీ లేకుండానే ముగిసిన లోడు. తేదీ చూడలేదేనమ్మా?"

బరువు చదివాను. తేదీ చదవలేదు.

గౌడ సంచిని ఒక చేత్తో లేపబోయి రెండో చెయ్యి కూడా వేశాడు. "చీటీలో మూడు కిలో అంటాది. ఇష్టు భార, ఇంత బరువు ఎట్లుండాది?"

"కొబ్బరి కలిసింది కదా సార్" అన్నాడు ప్రభుదాస్.

"దీన్ని యాకమ్మా ఎత్తుతావు?"

"నడుం నొప్పికి సార్."

"తగ్గిందా?"

"తగ్గింది. మాత్రలకు."

గౌడ మళ్లీ పెన్ను తీసి సంతకం పెట్టాడు. తర్వాత చాయ్ తాగాడు.

సాయంత్రం ఇంట్లో అడిగాను. "నువ్వు ఎత్తేది జూలైలోనే చూసినా. పానం పోయినంత పనైంది. అసలువి ఆ పొద్దే తీసకపోయి పాతవి పెట్టినా" అన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మానేస్తావని."

ఆదివారం వ్యాసం అచ్చయింది. సోమవారం మా అత్త మోక ఊరి నుంచి తిరిగొచ్చింది. పది రోజులు కూతురింట్లో ఉండొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని వ్యాసమంతా పైకి చదివి, చివరి వాక్యం దగ్గర ఆగింది.

"ఏమ్మే, మూడు కిలోలని ఎవురు చెప్పిరి నీకు?"

"ట్యాగు మీద ఉండాది అత్తా."

"ట్యాగు చదివితివి, సంచిని చూడలేదా? ప్రతి ఆదివారం నువ్వు డ్యూటీకి పోతానే వాడు రెండు సంచుల అడుగూ విప్పేది, ఒక్కోదాంట్లో అర్ధకిలో పోసేది, తక్కెట్లో తూచేది, మళ్లీ కుట్టేది. ఆ నీలం దారం నీ పెట్టెలోదే. నీ కుట్టు నిలవదురా అని వాడితో నేను అంటానే ఉంటి."

మెట్ల కింద మిగిలిన సంచిని తక్కెట్లో తూచి, వచ్చే ఆదివారం మహిళా పేజీ అడుగున వేయడానికి సవరణ రాసిచ్చాను. నా మీద నేనే రాసుకున్న మొదటి సవరణ అది: మూడు కిలోలు అన్నచోట ఏడున్నర కిలోలు అని చదువుకోగలరు.